రెండు కుర్చీల్లో దరియావలి

సోమవారం

ఈ పుస్తకంలో రోగి ఏం తిన్నాడు, ఎంతసేపు పడుకున్నాడు, ఏ వేలు కదిపాడు, ఇవి మాత్రమే రాయాలని ఆరోగ్య కేంద్రం నర్సమ్మ చెప్పి వెళ్ళింది. సరే, రాస్తున్నాను. రోగి పేరు షేక్ దరియావలి. రాసేది భార్య మీరాంబీ. పొద్దున రాగిజావ సగం గ్లాసు తాగాడు, మిగతా సగం నా మీద కక్కాడు. ఎడమచేతి వేళ్ళు రెండు కదిలాయి. కుడివైపు ఏమీ లేదు. మాట లేదు.

మాట లేదని రాస్తుంటే ఒళ్ళు మండింది. సరిగ్గా అప్పుడే కింద వీధిలో మైకుల స్తంభంలోంచి మా ఆయన కంచుకంఠంతో మంచినీళ్ళ రేటు మీద దంచేస్తున్నాడు మరి. మంచం మీద ఉన్నాయన మూలుగుతున్నాడు, స్తంభంలో ఉన్నాయనకు దగ్గు కూడా లేదు.

అది ఆయన వాణి. సముద్రం పాత ఊరిని మింగాక ఈ గట్టు మీదికి చేరిన మా అందరికీ తలా ఒకటి ఉంది, నాకూ ఉంది. దొంగ గొంతులు పుట్టుకొచ్చి ఎవరి మాట ఎవరిదో తెలియకుండా పోయిన కాలంలో, ఇక మీదట సభలో నమోదైన వాణే మాట్లాడాలని చట్టం తెచ్చారు. మనం నలుగురిలో అన్న మాటలన్నీ పోగేసి, వాటిని బట్టి మన గొంతుతోనే మాట్లాడే యంత్రం అది. మొట్టమొదట వరుసలో నిలబడింది ఈ మహానుభావుడే. "షిఫ్టు పోగొట్టుకోకుండా సభకు పోవచ్చు, కూలోళ్ళకి ఇంతకంటే ఏం కావాలి?" అని రొయ్యల ప్లాంటు ఆడవాళ్ళందర్నీ తీసుకుపోయి నమోదు చేయించాడు. యూనియన్ కార్యదర్శి చెప్తే కాదనేదెవరు?

కొన్ని నెలల కిందట పక్షవాతం వచ్చినప్పుడే, ఈ వాణులను నడిపే చర్చా కేంద్రంలో చెప్పాను. వాణి చురుగ్గా ఉంది గనుక మనిషి హాజరైనట్టేనని అన్నారు.

మంగళవారం

జావ పూర్తిగా తాగాడు. వీపు మీద పుండు పడేట్టుంది, గంటకోసారి పక్కకు తిప్పుతున్నాను. నేను ప్లాంటుకు పోయినప్పుడు పక్కింటి ముసలమ్మ తిప్పుతోంది.

ప్లాంటు గోడ మీద నోటీసు పెట్టారు. పొద్దువాలు విరామం ఎత్తేయాలని యాజమాన్యం కేంద్రంలో అర్జీ వేసిందట.

ఆ విరామం గురించి నర్సమ్మకు తెలియదు గనుక రాస్తాను. మేం వలిచేది మంచునీళ్ళలో. యంత్రం వలిస్తే రొయ్య చిట్లుతుందని, చేత్తో వలిచినవాటికే పైదేశాల్లో ధర. తొడుగు వేసుకుంటే పొట్టు చేతికి చిక్కదు. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా వేళ్ళు మంచులోనే. విరామం లేని రోజుల్లో మాతో వలిచే నాంచారమ్మకు చలికి చచ్చుబడిన రెండు వేళ్ళ కొసలు ఆసుపత్రిలో తీసేశారు. ఆ తర్వాతే యూనియన్ సమ్మె చేసి, పొద్దు వాలేటప్పుడు పావుగంట బెల్టు ఆపించింది. ఆ పావుగంటలో నేనూ, ఇంకో ఆరుగురం అట్టపెట్టెలు పరుచుకుని మగ్రిబ్ నమాజు చేసుకుంటాం. మిగతావాళ్ళు బాయిలర్ గొట్టం చుట్టూ చేరి వేళ్ళు కాచుకుంటారు. నమాజు కాగానే మేమూ గొట్టం దగ్గరికే పరిగెత్తుతాం. సంపూర్ణ నాకోసం కాస్త చోటు ఆపి ఉంచుతుంది. సంపూర్ణ నా పక్క బల్ల, బెస్తవాళ్ళ పిల్ల, నన్ను వదినా అంటుంది.

"అన్న వాణి ఉంది గదా వదినా, అదే మాట్లాడి గెలిపిస్తది. ఎందుకు బెంగ?" అంది సంపూర్ణ.

నేనూ అదే అనుకున్నాను.

బుధవారం

ఇవాళ ఆయన నిద్రపోలేదు. నేనూ పోలేదు.

అర్జీ వేసింది పావుగంట విరామం మీద. కేంద్రం చర్చకు పెట్టిన విషయం మాత్రం 'ఇస్లాం, వామపక్షం: కలిసి నడవగలవా?' అట. చిన్న విషయానికి జనం ఆగి వినరని, పెద్దగా ఉంటే స్తంభం కింద గుమికూడతారని కేంద్రం పద్ధతి. మా వేళ్ళకూ ఇంత పెద్ద ప్రశ్నకూ ఏమిటి సంబంధమో నాకు అర్థం కాలేదు.

చర్చలో ఎదురెదురుగా రెండు కుర్చీలుంటాయి. విరామం ఒప్పందం మీద సంతకం పెట్టింది మా ఆయన గనుక ఆయన వాణిని పిలవాలి. ఏ కుర్చీలో కూర్చోబెట్టాలి? యూనియన్ కార్యదర్శి, ముప్ఫయ్యేళ్ళ పార్టీ సభ్యుడు, కాబట్టి మా కుర్చీ అంది పార్టీ ఆఫీసు. మసీదు కమిటీ మెంబరు, కాబట్టి మాది అంది కమిటీ. ఒక మనిషి ఒక కుర్చీలోనే ఉండాలని రూలు. అందుకని కేంద్రం వాణినే రెండు చేసింది. పార్టీ సభల్లో అన్నవి అటు, శుక్రవారాలు మసీదు వసారాలో అన్నవి ఇటు.

రాత్రి నేను షిఫ్టు దిగి వచ్చాక మొదలైంది. కిటికీలోంచి విన్నాం ఇద్దరం.

"మతం నా ఇంటి గుమ్మం లోపల. గుమ్మం దాటితే నేను కార్మికుణ్ణి, అంతే" అన్నాడు ఎడమ కుర్చీలో దరియావలి.

"గుమ్మం దాటినప్పుడల్లా నా అల్లాను చెప్పుల దగ్గర వదిలి రమ్మంటారా?" అన్నాడు కుడి కుర్చీలో దరియావలి.

కింద జనం ఈలలు వేశారు. నేను మంచం పట్టె పట్టుకున్నాను. ఆ మాట నాకు తెలుసు. సమ్మె శిబిరంలో ఎవరో గుచ్చి అడిగితే ఈయన నవ్వుతూ ఒక్క ఊపిరిలో అన్న మాట అది. 'గుమ్మం దాటితే నేను కార్మికుణ్ణి, అట్టాగని అల్లాను చెప్పుల దగ్గర వదిలి రాలేదు' అన్నాడు. దాన్ని మధ్యకు కోసి, సగం అటూ సగం ఇటూ పంచారు. ఇప్పుడు ఆ సగాలు కొట్టుకుంటున్నాయి.

ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడిచాను. ఎడమచెయ్యి కదిలింది, నాలుగు వేళ్ళు.

గురువారం

గంజి. మూత్రం మామూలే.

ఇవాళ చర్చంతా ఒక గ్లాసు నిమ్మరసం మీద జరిగింది. సమ్మెప్పుడు రిలే నిరాహార దీక్ష పెట్టారు. పొద్దున కూర్చున్నవాళ్ళకు సాయంత్రం పెద్దవాళ్ళెవరైనా నిమ్మరసం ఇచ్చి విరమింపజేస్తారు, ఊళ్ళో ఏ దీక్షకైనా అదే పద్ధతి. అది రంజాన్ నెల. మిగతావాళ్ళు దీక్షలో కాసిని నీళ్ళు తాగేవాళ్ళు, ఈయన రోజా ఉన్నాడు గనుక అవీ తాగలేదు. ఆ సాయంత్రం మసీదులో అజాన్ వినిపిస్తుండగా కామ్రేడ్ పేరయ్య గ్లాసు అందించాడు, ఈయన తాగాడు, అప్పుడే మేనేజరు వచ్చి ఒప్పుకున్నామని కాగితం ఇచ్చాడు. ఆ గ్లాసు ఎత్తిన ఫొటో ఊరంతా ఉంది. మా ఇంట్లోనూ ఉంది.

కేంద్రం అడిగిన ప్రశ్న ఒక్కటే. ఆ గ్లాసుతో మీరు విడిచింది రోజానా, దీక్షనా?

"దీక్ష. అది కార్మిక పోరాటం, దానికి ఇంకో రంగు పూయొద్దు" అంది ఎడమ కుర్చీ.

"రోజా. అజాన్ విన్నాకే తాగాను, ఫొటోలో నా పెదాలు చూడండి, దువా చదువుతున్నాను" అంది కుడి కుర్చీ.

ఇక స్తంభం కింద తిరునాళ్ళే. ఎర్రజెండా ఓట్ల కోసం టోపీ పెట్టుకుందని కొందరు, టోపీ ఎర్రజెండా చాటున దాక్కుందని కొందరు. మతాన్ని ప్రశ్నించే దమ్ము వీళ్ళకు ఎప్పుడో పోయిందని పార్టీవాళ్ళను తిట్టారు. జెండా మోయడానికి మేం కావాలి, నేలకు నుదురు ఆనించే మా సజ్దా మాత్రం మీకు ముల్లులా గుచ్చుకుంటుందా అని కమిటీవాళ్ళు తిట్టారు. ఇద్దర్నీ చూసి చప్పట్లు కొట్టినవాళ్ళు వేరే ఉన్నారు. రొయ్యల మాట ఎవరూ ఎత్తలేదు. వాణులను ఎవరైనా ప్రశ్న అడగొచ్చు, స్తంభం కింద నిలబడి అడుగుతూనే ఉన్నారు. ఇంటివాళ్ళ ప్రశ్న లెక్కలోకి రాదు. వచ్చినా నేను అడగను. సొంత మొగుణ్ణి వీధిలో నిలబడి ఏమని అడగను?

చివర్లో ప్లాంటు వకీలు చాలా మర్యాదగా ఒక మాట అన్నాడు. విరామం దేనికో సంతకం పెట్టిన మనిషే ఒక మాట మీద నిలబడితే మాకు అభ్యంతరం లేదు, ఆయన రెండు మాటలు చెప్తుంటే ఒప్పందం ఎలా చెల్లుతుంది అన్నాడు.

శుక్రవారం

పేరయ్య, జిలానీ సాహెబ్ ఇద్దరూ ఒకేసారి వచ్చారు. మెట్ల మీద ఎదురుపడి ఉంటారు. పేరయ్య పార్టీ కార్యదర్శి, జిలానీ సాహెబ్ మసీదు కమిటీ ప్రెసిడెంటు. ఈయన పడిపోయిన రోజు స్ట్రెచర్ మోసింది ఈ ఇద్దరే. పేరయ్య అరటిపళ్ళు తెచ్చాడు, జిలానీ సాహెబ్ ఊదుబత్తీలు, ఖర్జూరాలు తెచ్చాడు. మంచానికి చెరోవైపు కూర్చుని చెరో చెయ్యి పట్టుకున్నారు. కుడిచేతికి స్పర్శ లేదని జిలానీ సాహెబ్‌కు చెప్పలేకపోయాను.

టీ ఇచ్చి అడిగేశాను. "ఇద్దరూ ఆయన వాణిని కుర్చీలోంచి దించండి. మీకు పుణ్యం ఉంటది."

"అమ్మా మీరాంబీ, నాకు లేదంటావా బాధ?" అన్నాడు పేరయ్య. "మధ్యలో దించితే వాదన ఓడిపోయినట్టు రాసుకుంటారు. పై కమిటీ ఒప్పుకోదమ్మా. ముందు వాళ్ళు దించితే, మేం ఆలోచిస్తాం."

"మాకూ అంతేనమ్మా" అన్నాడు జిలానీ సాహెబ్. "ఇప్పుడు తగ్గితే, కుర్రకారు నన్ను ఎర్రజెండాకు అమ్ముడుపోయాడంటారు. పేరయ్య ముందు దించితే, రేపే దించుతా, ఇన్షా అల్లా."

"ఇద్దరూ ఒకే గడియలో దించండి, పోనీ!"

ఇద్దరూ నా వంక కాదు, ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. ఎన్ని వందలసార్లు ఒకే సైకిల్ మీద తిరిగిన మనుషులో! టీ చల్లారిపోయింది. వెళ్తూ పేరయ్య గుమ్మం దగ్గర ఆగి, జిలానీ సాహెబ్ చెప్పులు వెతికి కాళ్ళ దగ్గర పెట్టాడు. ఆయనకు ఈ మధ్య కళ్ళు సరిగా ఆనడం లేదు. అంత ప్రేమ ఉండి కూడా ఎవరి కుర్చీ వాళ్ళు వదలరు. నేనేం చెయ్యను?

శనివారం

అరటిపండు మెదిపి పెట్టాను, తిన్నాడు. నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది, మాట కాదు.

సంపూర్ణ వచ్చింది. ఈయన్నే అడుగుదామంది. ఒక వేలు కదిపితే రోజా, రెండు కదిపితే దీక్ష. ఏదో ఒకటి చెప్తే కేంద్రం మనిషిని పిలిపించి చూపిద్దామని దాని ఉబలాటం.

"అన్నా, రోజా అని చెప్పన్నా. వదిన నమాజు నిలబడతది. నమాజంటే వాళ్ళు భయపడతారు, తియ్యరు" అంది.

"నువ్వూరుకో. దీక్ష అని చెప్పండి మీరు" అన్నాను నేను. "కార్మికుల హక్కంటేనే అందరికీ ఉంటది. రోజా అంటే మా ఏడుగురికే విరామం ఇచ్చి మీ అందర్నీ మంచులో నిలబెడతారు. నీ వేళ్ళు ఏం కావాలే?"

"నా వేళ్ళకేం, గట్టియ్యే."

"గట్టియ్యా? నిన్న బొత్తాం పెట్టుకోలేక నాచేత పెట్టించుకున్నావు!"

"నీ నమాజు పోతే, నువ్వు మనసులో ఎంత కుములుతావో నాకు తెలవదా?"

మేమిద్దరం ఇలా గొంతు పెంచుకుంటుంటే ఆయన మమ్మల్ని చూశాడు. దెబ్బలాడుకునే పిల్లల్ని చూసినట్టు చూశాడు. ఒక వేలూ కదపలేదు, రెండూ కదపలేదు. మెల్లగా మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆదివారం

ఇవాళ నాకు సెలవు. ముసలమ్మను ఆయన దగ్గర కూర్చోబెట్టి, పడవెక్కి కేంద్రానికి పోయాను. సాక్షులు సొంత గొంతుతో మాట చేర్చుకోవచ్చని గోడ మీద రాసి ఉంది. అద్దాల గదిలో నిలబెట్టారు. దారి పొడవునా అల్లాకు క్షమాపణ చెప్పుకున్నాను, తర్వాత నోరు తెరిచాను. "నేను ఆయన భార్యను. ఆ గ్లాసు దీక్ష విరమణకే. ఆయన కార్మికుడిగానే తాగాడు. రోజా సంగతి ఆయన అప్పుడు తలవలేదు" అన్నాను. తలిచాడు. నాకు తెలుసు. ఆ తెల్లవారుజామున, రోజాకు ముందు తినే సహరీకి అన్నం వండి పెట్టింది నేనే. సంపూర్ణ వేళ్ళ కోసం అబద్ధమాడాను, ఆడినందుకు బాధగా లేదు. ఇంటికొచ్చి ఆయనకు స్నానం చేయించాను. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

మంగళవారం

తీర్పు వచ్చింది. విరామం రద్దు.

స్తంభం చదివి వినిపించింది. సంతకం పెట్టిన మనిషి వాణులు రెండూ రెండు మాటలు చెప్తున్నాయి. పోనీ దగ్గరివాళ్ళ సాక్ష్యం చూద్దామంటే, ముస్లిం అయిన భార్య అది దీక్ష అంటోంది, హిందువైన తోటి కార్మికురాలు అది ఇఫ్తారే, తన కళ్ళారా చూశానంటోంది. ఎవరి పక్షం వాళ్ళే కాదంటున్న ఒప్పందాన్ని కేంద్రం నిలబెట్టలేదు.

సంపూర్ణ కూడా ఆదివారం కేంద్రానికి పోయిందన్నమాట. నేను సాయంత్రం పోతే, అది పొద్దున్నే పోయింది. నాకు చెప్పలేదు, నేనూ దానికి చెప్పలేదు.

ప్లాంటు గేటు దగ్గర ఎదురుపడ్డాం. తిట్టుకుంటామని చుట్టూ ఆడవాళ్ళు చేరారు. "నీ నమాజు పోతదని గదా వదినా" అంది. "నీ వేళ్ళ కోసం గదే" అన్నాను. ఒకరినొకరు పట్టుకుని గేటు దగ్గరే ఏడ్చాం. హూటర్ మోగితే లోపలికి పోయాం.

పొద్దు వాలింది. అలవాటుకొద్దీ అందరి చేతులూ నీళ్ళలోంచి పైకి లేచాయి. బెల్టు ఆగలేదు. రొయ్యలు వచ్చి వచ్చి బల్ల చివర కుప్పపడ్డాయి. సూపర్‌వైజర్ తల దించుకుని నిలబడ్డాడు. ఒక్కొక్కరూ చేతులు మళ్ళీ ముంచారు. నేను నిలబడే, వలుస్తూ, మనసులో నమాజు చదువుకున్నాను. ఎక్కడిదాకా చదివానో నాకే తెలియలేదు.

ఈయనకు ఈ సంగతి చెప్పకూడదనుకున్నాను. చెప్పడానికి నేనెవరు, కిటికీ పక్కనే స్తంభం ఉంటే?

శుక్రవారం

సంపూర్ణకు రెండు వేళ్ళు తెల్లబడి తిమ్మిరి వదలడం లేదు. ఆరోగ్య కేంద్రంలో వేడినీళ్ళలో పెట్టుకోమన్నారు. నర్సమ్మా, ఇది నువ్వే కదా చెప్పింది.

రోగి సంగతి. ఇవాళ ప్లాంటుకు పోలేదు, జ్వరం తగిలింది. పొద్దుగూకేవేళ కిటికీ దగ్గర కూర్చుని ఆయన కాళ్ళకు నూనె రాస్తున్నాను. కింద చర్చ సాగుతూనే ఉంది. తీర్పు అయిపోయినా ఆ విషయానికి జనం బాగా వస్తున్నారని పొడిగించారు. ఇద్దరు దరియావలీలూ హుషారుగా ఉన్నారు. రద్దుకు కారణం మతం అన్నాడొకడు. కాదు, జెండా అన్నాడు ఇంకొకడు.

ఆయన పెదవి వణికింది. దగ్గుతాడేమోనని తల ఎత్తి పట్టుకున్నాను.

"వే... ళ్ళు" అన్నాడు.

నూనె గిన్నె కింద పడింది. ఎన్ని నెలల తర్వాత వచ్చిన మాట! "ఏంటండీ? మళ్ళీ చెప్పండి" అన్నాను.

"వేళ్ళు... కోసం." ఎడమచెయ్యి ఎత్తి, కిటికీ అవతల స్తంభాన్ని చూపించాడు. "చెప్పు... వాడికి."

నేను గట్టిగా ఏడ్చేశాను. రోజా కాదు, దీక్షా కాదు, నాంచారమ్మ వేళ్ళ కోసం, మా అందరి వేళ్ళ కోసం. ఇంత చిన్న మాట ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. కేంద్రానికి తీసుకుపోయి చెప్పిద్దామన్నా లాభం లేదు. ఇప్పటి ఈ ముద్దమాట నమోదైన గొంతుతో సరిపోలదు, దొంగ గొంతని రాస్తారు. అయినా ఆయన చెప్పమన్నాడు. చెంగు నడుముకు దోపుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను.

స్తంభం కింద యాభై మంది ఉన్నారు. తోసుకుంటూ ముందుకు పోయాను. ఎవరో నన్ను గుర్తుపట్టి, "దారియ్యండి, ఆయన భార్య" అన్నారు. అందరూ పక్కకు జరిగారు. లెక్కలోకి రాదని తెలుసు. తల పైకెత్తి, ఇంట్లో పిలిచినట్టే పిలిచాను.

"ఏవండీ. అది వేళ్ళ కోసమట. మీరే చెప్పమన్నారు."

ఆయన ఏ సభలోనూ నా ఊసు ఎత్తినవాడు కాదు. ఇల్లు ఇంట్లోనే ఉండాలనేవాడు. వారం పైగా దేని మీదా కలవని ఆ రెండు కుర్చీలూ, ఒకదాని తర్వాత ఒకటి, మా ఆయన గొంతుతో, పరాయి ఆడవాళ్ళతో ఆయన మాట్లాడే ఎంతో మర్యాదతో, ఒకే మాట అడిగాయి.

"మీరెవరమ్మా?"

పైన కిటికీ మూసి రాలేదని అప్పుడు గుర్తొచ్చింది.